వన్స్ మోర్ లేని చావు

మా వైపు పద్యనాటకాల్లో రాజు యుద్ధంలో ఒరిగిపోతూ ఆఖరి పద్యం పాడి ప్రాణం విడుస్తాడు. జనం ఊరుకుంటారా? "వన్స్ మోర్!" అని ఈలలు వేస్తారు. చచ్చిన రాజు లేచి, కిరీటం సర్దుకుని, పద్యం మళ్లీ ఎత్తుకుని, మళ్లీ చస్తాడు. ఇందులో వింతేమీ లేదు మాకు.

అలాంటి ఒక పాత చారిత్రక నాటకాన్ని సినిమాకు రాసిపెట్టమని సినిమా తీయాలనుకున్న ప్రొద్దుటూరు బంగారు అంగడి ఆసామి నన్ను అడిగాడు. ఫ్యాక్షన్ రోజులవి. పొద్దుగూకితే పులివెందుల బస్సెక్కడానికి జనం జంకేవాళ్లు. బయట చూసే నరుకుళ్లు చాలవన్నట్టు తెర మీదా అవే కావాలన్నాడు ఆసామి. ఒక్కో సీనూ కోసేసి కత్తులకు చోటిస్తూ రాసి రాసి నా ప్రాణం విసిగిపోయింది. ఆఖరి పద్యాన్ని మాత్రం ముట్టుకోనివ్వలేదు.

ఆ పద్యానికి తగిన గొంతు జమ్మలమడుగులో ఒక ముసలి బడిపంతులుది. ఆదివారం చర్చిలో కీర్తనలు పాడే గొంతే స్టేజీ మీద రాజుది. కానీ ఆయన వేషం మానేశాడు. ఎన్నికలప్పుడు ఆయన కొడుకు, ఏ పార్టీకీ చెందనివాడు, ఎవరి జీపు పక్కనో నిలబడి బాంబుకు పోయాడు. ఆ తర్వాత ఒక్కసారి వేషం కట్టాడట. వన్స్ మోర్ అన్నారు. లేచాడు గానీ, కొడుకు లేవలేదే అన్న తలపుతో పద్యం రాలేదు.

"సినిమాలో ఒకసారి సస్తే సాలు గదప్పా? మళ్లా లేసే పని ల్యా గదా?" అని, వేషానికి పిలవడానికి వెళ్లిన నన్నడిగాడు.

"లేదు మామా, ఒక్కసారే" అని మాటిచ్చాను.

పెన్నా ఇసుకలో షూటింగ్. ఆయన పాడుతుంటే నాకు కళ్లల్లో నీళ్లు ఆగలేదు. సైనికుల వేషాలకు రెండు పార్టీల మనుషులనూ తెచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోనివాళ్లు, రాజు ఒరగగానే అంతా ఒక్కటై "వన్స్ మోర్!" అని అరిచారు. మద్రాసు నుంచి వచ్చిన డైరెక్టర్ తల పట్టుకున్నాడు. ఇంకో టేక్ అన్నాడు.

ముసలాయన ఇసుకలో పడుకునే నా వైపు చూశాడు. "లేయల్లనా అప్పా?"

"లేయొద్దు మామా."

కోపమొస్తే నాకు మంచీ చెడూ తెలియదు. డైరెక్టర్ మీద గొంతు చించుకున్నాను. పద్యం అయ్యాకే కదా అరిచింది, అక్కడికి కోసుకోమన్నాను. పొద్దు వాలుతోంది, అతనూ అలిసిపోయాడు, సరేనన్నాడు.

సినిమా ఆడలేదు. ప్రొద్దుటూరులో మొదటి ఆట మాత్రం ఆయన పక్కన కూర్చుని చూశాను. రాజు ఒరిగాడు. హాలంతా "వన్స్ మోర్!" అని హోరెత్తింది. తెర మీది మనిషి లేవలేదు. అరిచి అరిచి వాళ్లే చల్లబడ్డారు.

ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎంతమంది పిలిసినా లేయల్యా సూడప్పా. మా పిల్లోడూ అంతే గదా" అన్నాడు. కొడుకు పోయినప్పుడు రాని ఏడుపు ఆయనకు అప్పుడొచ్చింది.