ఇసుక బకెట్‌లో బ్యాటరీ

దయ్యాలంటే నవ్వి ఊరుకునే మనిషిని నేను. వీడియో కెమెరాలు విప్పి బాగుచేయడం నా పని. ఏదైనా పనిచేయకపోతే లోపల ఎక్కడో కారణం ఉంటుందని నమ్ముతాను. ఈ ఒక్కదానికి మాత్రం కారణం దొరకలేదు.

తొంభైల చివర్లో సూర్యాపేటలో నాకు చిన్న షాపు ఉండేది. పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు కొత్తగా వచ్చిన లిథియం బ్యాటరీలు అమ్మాను. కొన్నాళ్లకు హైదరాబాద్ డీలర్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ బ్యాటరీలు ఉబ్బి నిప్పంటుకుంటున్నాయట, వెనక్కి తీసుకుంటున్నారు. ఛార్జింగ్ పెట్టొద్దు, చెత్తలో వేయొద్దు. కొనలకు టేపు అంటించి, పొడి ఇసుకలో విడివిడిగా పెట్టి పంపాలి.

సూర్యాపేటలోవి ఆ రోజే తెచ్చేశాను. మర్నాడు కోదాడలో అమ్మినదాని కోసం పోదామని బస్టాండుకు వచ్చాను. మిర్యాలగూడ బస్సు ముందొచ్చింది, అక్కడా కొన్నవాళ్లున్నారు కదా అని ఎక్కేశాను. అక్కడే సాయంత్రమైంది. రోజంతా మనసు కోదాడ మీదే ఉంది.

ఆ మరుసటి పొద్దున కోదాడలో వీడియోగ్రాఫర్ సైదులు ఇంటికి వెళ్లాను. అతను ముందురోజే నడిగూడెం పెళ్లికి పోయి ఇంకా రాలేదు. భార్య పద్మ పసిపాపను ఎత్తుకుని వాకిట్లో నిలబడి ఉంది. బ్యాటరీ సంగతి ఎత్తగానే నన్ను వింతగా చూసింది.

"నిన్న మధ్యాహ్నం వచ్చి నువ్వే తీస్తివి గదన్నా."

"నేను రాలేదమ్మా. నిన్న మిర్యాలగూడలో ఉన్నా."

"గీ గళ్ల అంగీనే ఏసుకున్నవ్. మంచినీళ్లిస్తే వద్దన్నవ్. ముందు పాపను ఆడికెల్లి తియ్యమన్నవ్."

ఉయ్యాల పక్కనే అల్మారాలో ఛార్జర్ ఉంది. సైదులు వెళ్తూ బ్యాటరీని దానికి పెట్టి పోయాడట. వచ్చినాయన దాన్ని తీసి, టేపు అంటించి, గడ్డివాముకు దూరంగా ఇనుప బకెట్‌లో ఇసుక పోసి అందులో కప్పెట్టాడు.

"పొద్దుగూకినంక బుస్సుమని పొగలొచ్చినయ్. గదే ఇంట్ల ఉంటే..." అని ఆగి, పాపను గట్టిగా హత్తుకుంది.

బకెట్‌లో ఇసుక నల్లగా మాడి ఉంది. పిడికి దారంతో ఒక చీటీ కట్టి ఉంది: ముట్టుకోవద్దు. ఆ అక్షరాలు నావే. 'ద్దు' కింద తోక పొడుగ్గా లాగడం నా అలవాటు. అరుగు మీద కూర్చుండిపోయాను.

తర్వాత అందరినీ అడిగాను. డీలర్ ఎవరినీ పంపలేదు. సైదులుకు ఆ ఉత్తరం సంగతే తెలియదు. మిర్యాలగూడ స్టూడియో వాళ్లు, ఆ మధ్యాహ్నం నేను తమతోనే అన్నం తిన్నానని చెప్పారు. పద్మ నన్ను అంతకుముందు ఒక్కసారే చూసింది, మనిషిని పోల్చుకోవడంలో పొరబడిందనుకుందాం. మరి ఆ రాత?

ఆ పాప ఇప్పుడు పెద్దదైంది. ఎక్కడ కనబడినా, "మామా, నీవల్లనే బతికిన్నని మా అమ్మ చెప్తది" అంటుంది. మొదట్లో నేను కాదని చెప్పేవాణ్ని. వాళ్లు నమ్మరు. ఇప్పుడు చెప్పడం మానేశాను. ఆ మధ్యాహ్నం వాళ్ల గడప దగ్గర నిలబడింది ఎవరో నాకు తెలియదు.