నీలం చారల గుడ్డ

ఆ ఏడు నవంబరులో పట్టిన ముసురుకు మా ఇంటి వెనక గది కప్పు ఒక మూల కుంగిపోయింది. వాన తెరిపి ఇచ్చాక అమ్మ తలుపు తీసి చూస్తే, లోపల మురికి నీళ్ళలో పాత చాపలు, తాత గొడుగు, విరిగిన పీటలు కలిసి నానుతున్నాయి. అమ్మ చీర పైకి దోపుకుని, "అవ్వ వచ్చేలోపల ఇదంతా తీసి పారేద్దాం రా" అంది నాతో.

అవ్వ అంటే మా నాయన తల్లి. అప్పుడు ఆమె ఊళ్ళో లేదు, మేనత్త కాన్పుకని తడకు పోయింది. ఉండి ఉంటే ఆ గదిలోంచి ఒక కుండపెంకు కూడా బయటికి వచ్చేది కాదు. ఆమె దేన్నీ పారేసే మనిషి కాదు. అమ్మ ఎన్నోసార్లు అడిగి, తిట్లు తిని ఊరుకుంది.

మాది ఇందుకూరుపేటకు తూర్పున, సముద్రం హోరు పగలూ రాత్రీ వినిపించే ఊరు. నాయన ఉప్పుమళ్ళ దగ్గర మేస్త్రీ. ఊళ్ళో సగం మంది చేపలు పట్టేవాళ్ళు, సగం మంది మాలాగా చర్చికి పోయేవాళ్ళు. నాకు పదకొండేళ్ళు, చెల్లెలికి నాలుగు.

రోజంతా మోశాం. కుళ్ళినవి పెంటలో వేశాం, పనికొచ్చేవి వసారాలో పెట్టాం. చివరికి అటక మీద, గోడ వైపు తోసిపెట్టిన ఇనప్పెట్టె ఒకటి కనిపించింది. వాన దాని మీద పడలేదు. తాళం తుప్పు పట్టి ఉంది. అమ్మ రాయి తీసుకుని నాలుగు దెబ్బలు వేసేసరికి ఊడివచ్చింది. మూత ఎత్తగానే ఎండిన వేపాకు పొడిపొడిగా లేచి నాకు తుమ్ములు వచ్చాయి. వేపాకు కింద నీలం చారల చొక్కాలు, సన్నంచు పంచెలు, ఎర్రపూల దుప్పటి ఒకటి, ఎవరో నిన్ననే మడత పెట్టినట్టు ఉన్నాయి.

"మీ చిన్నాయనవి" అంది అమ్మ, గొంతు తగ్గించి.

చిన్నాయన నాయనకు తమ్ముడు. మద్రాసులో పని చేస్తూ జ్వరంతో పోయాడని మాకు చెప్పారు. నాకు ఆయన ముఖం గుర్తులేదు. భుజాల మీద కూర్చోబెట్టుకుని పడవలు చూపించినట్టు మాత్రం లీలగా ఉంది. అమ్మ ఒక చొక్కాను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత, "ఊరికే చెదలు తినేదానికంటే నలుగురికి పనికొస్తే మంచిది గదా" అంది. నన్ను అడిగినట్టు లేదు, తనకు తానే చెప్పుకున్నట్టుంది.

అమ్మ మిషన్ బోర్డింగులో చదువుకునేటప్పుడు కుట్టుపని నేర్చుకుంది. ఆమెకో చేతి మిషను ఉండేది. క్రిస్మసుకు ఊళ్ళో వాళ్ళకు ఏటా ఏదో ఒకటి చేసి పంచేది. ఆ ఏడు ఈ గుడ్డలతోనే అందరికీ కుట్టి ఇద్దామనుకుంది. ముసురు వదలలేదు, ఉతికితే ఆరేటట్టు లేవు. అందుకని వసారాలో దులిపి, తీగ మీద రెండు రోజులు వేసి, కత్తెర పట్టింది. నేను మిషను చక్రం తిప్పేదాన్ని, ఆమె గుడ్డ నడిపేది. చొక్కాల మెడపట్టీలు విప్పి, గుండీలు ఊడదీసి ఒక సీసాలో వేశాను. నీలం చారల గుడ్డతో సంచులు, దిండు గలీబులు, చెల్లెలికి గౌను, పాస్టరమ్మకు బైబిలు పెట్టుకునే సంచి తయారయ్యాయి. ఎర్రపూల దుప్పటి పైన, పంచెలు మడతలుగా లోపల పెట్టి అమ్మ ఒక చిన్న బొంత కుట్టింది. దాన్ని మిషను మీద కాకుండా పెద్ద సూదితో, దగ్గరదగ్గరగా కుట్లు వేసి చేసింది. అది పక్కింటి అక్క బిడ్డకు.

పక్కింటి అక్క అంటే చేపలవాళ్ళ కోడలు. ఆమెకు తొలి చూలు మగబిడ్డ పుట్టి నాలుగు నెలలయింది. మంచు పడుతోందని అమ్మ ఆ బొంతను పండగ దాకా ఆపకుండా ముందే ఇచ్చేసింది. అక్క దాన్ని బిడ్డ చుట్టూ చుట్టి, "వదినా, ఈ పూలు చూసి ఎట్ల నవ్వతా ఉండాడో చూడు" అని మా కంచె దగ్గరికి తెచ్చి చూపించింది.

మిగిలినవన్నీ క్రిస్మసు ముందు రోజు పంచాం.

పండగ నాడు ఆరాధన మధ్యలో అవ్వ వచ్చింది. తడ నుంచి బస్సులు మారి, చివర నడుచుకుంటూ, మూట చంకన పెట్టుకుని చర్చి వెనక తలుపులోంచి లోపలికి వచ్చింది. చెల్లెలు ఆమెను చూసి పరుగెత్తుకుంటూ పోయింది. అవ్వ చేతులు చాపి, చాపినట్టే ఆగిపోయింది. చిన్నప్పుడు మశూచి వచ్చి ఆమె ముఖమంతా గుంటలు గుంటలుగా ఉండేది. అందువల్ల ఆ ముఖంలో కోపమో సంతోషమో తొందరగా తెలిసేది కాదు. ఆ రోజు మాత్రం రంగు పోవడం నేను చూశాను. ఆమె చెల్లెల్ని ఎత్తుకుని బయటికి తీసుకుపోయి, ఇసుకలో నిలబెట్టి గౌను విప్పేసింది.

అమ్మా నేనూ వెనకే పోయాం.

"ఈ గుడ్డ యాడిది?" అంది అవ్వ.

"వెనక గది కారింది అత్తా. అటక మీద పెట్టెలోది."

"ఇంకా ఏం కుట్టినావు? ఎవరెవరికి ఇచ్చినావు?"

అమ్మ చెబుతుంటే అవ్వ వింటూ నిలబడింది. చెల్లెలు చలికి వణుకుతూ ఏడుస్తోంది. అవ్వ తన చీర కొంగు కూడా దాని మీద కప్పకుండా, గౌనును వేళ్ళ చివర పట్టుకుని ఇంటిదారి పట్టింది.

ఇంట్లో తలుపు వేసి అవ్వ చెప్పింది. చిన్నాయన పోయింది జ్వరంతో కాదు, మద్రాసులో మశూచి పోసి పోయాడు. తనకు ఒకసారి వచ్చిపోయింది కాబట్టి మళ్ళీ రాదని అవ్వ ఒక్కతే అక్కడికి వెళ్ళింది. ఆసుపత్రివాళ్ళు శవాన్ని ఇవ్వలేదు. ఆయన ఉన్న గదిలోంచి ఆ పెట్టె తెచ్చుకుంది. ఊళ్ళో తెలిస్తే వెలివేస్తారని నాయనా అవ్వా కలిసి జ్వరమని చెప్పారు. అమ్మకు కూడా అదే చెప్పారు.

నాయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "కాల్చేసినా అని చెప్తివి గదమ్మా నాతో!" అన్నాడు.

"కాల్చాలనే దిబ్బ మీదకు మోసుకుపోయినా. అగ్గిపుల్ల కూడా గీసినా. చొక్కా తీస్తే మెడపట్టీకి వాడి చెమట మరక ఉండాది రా. అది కూడా కాలిపోతే ఇంక వాడు యాడుంటాడు?"

అవ్వే మళ్ళీ, "కుట్టు సరిగ్గా పడలేదు, మళ్ళీ కుట్టిస్తామని చెప్పి అన్నీ వెనక్కి తెచ్చేయండి" అంది.

"బిడ్డలుండే ఇళ్ళు అత్తా. అబద్ధం చెప్పి ఎట్ల తెచ్చేది? రేపు ఎవరికన్నా ఏమన్నా అయితే?"

"నిజం చెప్తే మనల్ని ఊళ్ళో ఉండనిస్తారా?"

అమ్మ నాయన వైపు చూసింది. నాయన తల వంచుకుని, "పోయి నిజం చెప్పు" అన్నాడు.

మేం మొదట పక్కింటికి పోయాం. అక్క గడపలో బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. బిడ్డ మీద ఎర్రపూల బొంత ఉంది. మమ్మల్ని చూడగానే, "రాత్రి నుంచి ఒళ్ళు కాలిపోతా ఉండాది వదినా. పాలు కూడా తాగటంలేదు" అంది.

అమ్మ అక్కడే ఇసుకలో కూర్చుంది. కూర్చునే అంతా చెప్పింది. అక్క గట్టిగా అరుస్తుందనుకున్నాను. ఆమె అరవలేదు. బొంత వైపు చూసి, మెల్లగా రెండు చేతులూ జోడించింది.

"ఆ మాట మళ్ళీ అనబాక వదినా. ఇంటికొచ్చిన అమ్మతల్లికి కోపమొస్తది."

"ఆ బొంత ఇయ్యమ్మా. కాల్చేస్తాం."

"కాల్చేదా? ఆమె కప్పుకున్న గుడ్డ కాలిస్తే నా బిడ్డను ఉంచతదా?" అని లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. పొద్దుగూకేలోపల ఆ గుమ్మానికి వేపమండలు కట్టారు.

మరునాటి నుంచి మేం ఇచ్చినవన్నీ వాటంతట అవే తిరిగి రాసాగాయి. పొద్దున్నే లేచి చూస్తే కంచె మీద ఒక దిండు గలీబు వేలాడుతుండేది. ఇంకో పొద్దున రెండు సంచులు. ఎవరు తెచ్చి వేశారో తెలిసేది కాదు. పాస్టరమ్మ పట్టపగలే వచ్చి, బైబిలు సంచిని కర్ర చివర తగిలించి మా వాకిట్లో దించి, "ప్రార్థన చేస్తామమ్మా" అని దూరం నుంచే చెప్పి వెళ్ళిపోయింది. బావి దగ్గర ఆడవాళ్ళు మేం చేదుకుని పోయేదాకా ఎడంగా నిలబడేవాళ్ళు. ఉప్పుమళ్ళ దగ్గర కూలీలు నాయనను కొన్నాళ్ళు రావద్దన్నారు. రోజూ స్నానం చేయించేటప్పుడు అమ్మ చెల్లెల్ని వెలుగులోకి తిప్పి, వీపు, మెడ, చంకలు వెతికేది. తర్వాత నన్ను. వెతికి ఏమీ లేదని తెలిశాక కూడా ఆమె చేతులు వదిలేవి కావు.

నాయన ఇందుకూరుపేట పోయి టీకాలు వేసే మనిషిని తీసుకొచ్చాడు. ఊళ్ళో సగం మంది పిల్లల్ని ఎత్తుకుని సరుగుడు తోపులోకి పారిపోయారు. మా అందరికీ వేశాడు. నా చెయ్యి వాచి, పుండు పడి, దాని సలుపుకు జ్వరం వచ్చింది. అది టీకా జ్వరమా, ఆ జ్వరమా అని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అవ్వ మాత్రం నా మంచం పక్క నుంచి లేవలేదు. పక్కింటి వాళ్ళు ఆ మనిషిని గుమ్మం కూడా తొక్కనివ్వలేదు.

నా జ్వరం తగ్గిన నాడే, ఒకసారి ఒళ్ళు చల్లబడి మళ్ళీ జ్వరం తగిలిన పక్కింటి బిడ్డకు పొక్కులు కనబడ్డాయి. అక్క మొగుడు కంచె అవతల నిలబడి పిలిచాడు. అతను అన్నాళ్ళుగా సముద్రం మీదికి పోలేదు, కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి.

"అవ్వా, ఒక్కసారి రా. నువ్వు తల్లిని చూసినదానివి. నీ ముఖాన ఆమె చెయ్యి ఉండాది."

అవ్వ లేచి పోయింది. చర్చి తప్ప ఇంకో గుడి గడప తొక్కని మనిషి, ఆ వేపమండల కింద తల వంచి లోపలికి పోవడం మేమంతా చూశాం. అమ్మ కంచె పట్టుకుని నిలబడింది. చాలాసేపటికి అవ్వ బయటికి వచ్చి, అరుగు మీద కూర్చుంది.

"అరికాళ్ళు చూసినా, అరిచేతులు చూసినా. యాడా లేవు. కడుపు మీద కొన్ని మాడతా ఉండాయి, కొన్ని ఇప్పుడే పొంగతా ఉండాయి. పెద్దమ్మ కాదు, చిన్నమ్మే. ఆటలమ్మ" అంది.

అమ్మ ఏడ్చింది. నేనైతే నమ్మలేదు. బిడ్డ ఏడుపు కంచె దాటి వినిపిస్తున్నంత కాలం, అది ఆగిపోతే ఎట్లా అని వింటూ పడుకున్నాను. అవ్వ రోజూ పోయి వేపాకు నీళ్ళతో తుడిచి వచ్చేది. పొక్కులు ఎండి రాలాయి. బిడ్డ మళ్ళీ పాలు తాగాడు.

నాయన పెట్టెను, తిరిగి వచ్చిన గుడ్డలను, చెల్లెలి గౌనును, ఆ గుండీల సీసాను కూడా ఇసుక దిబ్బ మీద వేసి కాల్చేశాడు. అవ్వ వచ్చి చూస్తానంది. పొగ ముఖం మీదికి కొడుతున్నా పక్కకు జరగలేదు.

బొంత మాత్రం పక్కింట్లోనే ఉంది. తల్లిని సాగనంపాలని అక్క దాన్ని పసుపునీళ్ళలో తడిపి, వేపాకుతో చేటలో పెట్టింది. ఆమె మొగుడు పడవలో అలలు దాటి పోయి వదిలి వచ్చాడు. అతను బయలుదేరేటప్పుడు అమ్మ అవ్వతో, "నీళ్ళలో వదిలితే ఇంకో ఒడ్డుకు కొట్టుకుపోతుంది అత్తా. ఎవరన్నా తీసుకుంటే? ఒద్దని చెప్పండి" అంది.

"ఇప్పుడు ఆమెకు ఒద్దని చెప్పేదానికి మనకు ముఖం ఉందా మే?" అంది అవ్వ.

మరునాడు పొద్దున్నే అమ్మ నన్ను తీసుకుని ఒడ్డు వెంట నడిచింది. నాచు, చిప్పలు, తెగిన తాడు ముక్కలు కొట్టుకొచ్చాయి. బొంత లేదు. ఆ తర్వాత కూడా చాలా పొద్దులు ఆమె అట్లా పోయి వచ్చింది. ఒకసారి మైపాడు దగ్గర ఇసుకలో ఒక పిల్ల ఎర్రపూల గుడ్డ కప్పుకుని ఆడుకుంటుంటే, అమ్మ పరుగెత్తుకుంటూ పోయి దాని కొస పట్టి లాగింది. ఆ పిల్ల తల్లి తిట్టుకుంటూ వచ్చింది. అమ్మ ఆ గుడ్డ తిరగేసి కుట్లు చూసి వదిలేసింది. తనవి కావు. నా చెయ్యి పట్టుకుని వెనక్కి నడిచింది.

ఊరు మెల్లగా మమ్మల్ని మళ్ళీ దగ్గరికి రానిచ్చింది. నాయన పనికి పోయాడు. పాస్టరమ్మ ఈస్టరుకు మా ఇంట్లో టీ తాగింది. పక్కింటి అక్క కంచె మీదుగా చేపలు ఇచ్చేది, వదినా అని పిలిచేది. బిడ్డను మాత్రం మా వాకిట్లోకి ఎప్పుడూ దించలేదు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం నాయన అన్నానికి వచ్చి కూర్చుని, దక్షిణాన ఒక ఊళ్ళో పెద్దమ్మవారు పోసిందని, దారులు కూడా మూసేశారని చెప్పాడు. అమ్మ గరిటె పట్టుకుని ఆగిపోయింది.

"ఏ ఊరు? సముద్రం ఒడ్డునేనా?"

"ఏటా యాడో ఒక చోట వస్తానే ఉంటది గదా. దానికీ దీనికీ ముడి పెట్టబాక."

"ఒడ్డునేనా అని అడగతా ఉండా."

నాయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. అవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది, నిద్రపోలేదని నాకు తెలుసు. అమ్మ ఇంకోసారి అడగలేదు.