పాటిదిబ్బ తూర్పు మూల

నా చిన్నప్పుడు, చుండూరు దగ్గర మా ఊళ్లో, ఎండాకాలం వస్తే చేలకు పాటిమన్ను తోలేవారు. ఎప్పుడో జనం కాపురాలుండి వదిలేసిన చోట మిగిలిన దిబ్బమట్టి అది. చేనికి మంచి బలం. మా తాతయ్య పొలం చివర అలాంటి దిబ్బ ఒకటి ఉండేది. ఏటా తవ్వగా తవ్వగా ఇల్లంత మిగిలింది.

పక్కింటి అక్క అప్పుడు పురావస్తు శాస్త్రంలో ఎమ్మే చదువుతోంది. పంతులమ్మ ఉద్యోగం వచ్చే చదువు మానేసి ఈ పెంకులేరుకునే చదువేమిటని వీధిలో నవ్వేవారు. ఆమె పట్టించుకునేది కాదు. ఆ దిబ్బ మీదే పరిశోధన వ్యాసం రాస్తానని వాళ్ల మాస్టారికి మాటిచ్చి సెలవులకు వచ్చింది. తీరా చూస్తే మర్నాటికే తాతయ్య బళ్లు పురమాయించి ఉన్నాడు. దిబ్బ పోతే ఆమె వ్యాసం పోయినట్టే.

ఒక్క మూల వదలమని అడిగింది.

"మట్టికి ఎమ్మే ఏంటమ్మాయ్? వానలొచ్చేలోగా చేలో పడాలి" అన్నాడు తాతయ్య.

అక్క మా పెరట్లోకి వచ్చి, పెంటకుప్పను ఒక పక్కన పారతో గోడలా నిలువుగా చెక్కింది. నేను ముక్కు మూసుకుని చూస్తున్నాను. తాతయ్యను పిలిచి, అడుగు నుంచి ఏమేం కనిపిస్తున్నాయో చెప్పమంది.

ఆయన నవ్వుతూనే మొదలుపెట్టాడు. అడుగున నిరుటి మామిడి టెంకలు. వాటి మీద మా చిన్నత్త పెళ్లి విస్తళ్ల పుల్లలు, గాడిపొయ్యి బూడిద. ఆపైన వడ్లు తూర్పారబట్టిన తాలు, అన్నిటికీ పైన మొన్నటి మినప పొట్టు. పెళ్లి దగ్గర కాసేపు ఆగి, శ్రావణం వానకు పందిరి తడిసిన సంగతి కూడా చెప్పాడు.

"మీరు చదివింది ఒక్క ఏడాది, తాతయ్యగారూ" అంది అక్క. "నేను చదవాల్సింది కొన్ని వందల ఏళ్ల పెంటకుప్పండి. బళ్లకెత్తాక ఏది ముందో ఏది వెనకో ఎవరూ చెప్పలేరు."

తాతయ్య పార అందుకుని పొలానికి నడిచాడు. దిబ్బకు తూర్పు మూల గీత గీసి, అది దాటొద్దని బండివాళ్లతో చెప్పాడు. మిగతా మన్నంతా చేలోకే వెళ్లింది. అక్క సెలవులన్నాళ్లూ ఆ మూలకు ఎదురుగా కూర్చుని, పొర తర్వాత పొర బొమ్మ గీసుకుంది. వ్యాసం పూర్తయింది, ఎమ్మే చేతికొచ్చింది.

పెద్దయ్యాక నేను తెనాలిలో పత్రికా విలేకరినయ్యాను. రేపల్లె వైపు వెళ్లినా బాపట్ల వైపు వెళ్లినా, ఏ గొడవ గురించి అడిగినా జనం నిన్న జరిగింది చెప్పేవారు. అదంతా విని, అంతకుముందు ఏం జరిగిందని అడగడం నాకు అలవాటు. ఇప్పటికీ అలాగే అడుగుతాను. ముందు కాస్త విసుక్కుంటారు. ఆ తర్వాత మంచం వాల్చి కూర్చోమంటారు.