పరుపుల మధ్య అక్క గొంతు

ఇప్పుడు ఫోనులో నాలుగు మాటలు కొడితే చాలు, పాట దానంతటదే తయారై వచ్చేస్తోంది. మొన్న మా అబ్బాయి మా వీధి కుక్క మీద ఒకటి చేయించి వినిపించాడు, రాగం, తాళం అన్నీ ఉన్నాయి. (కుక్కకి నచ్చలేదు.) మేం ఇంజినీరింగు చదివిన రోజులు వేరు. ఇంట్లో కంప్యూటర్ ఉందంటే దాన్ని చూడ్డానికి పక్కవీధి వాళ్లు కూడా వచ్చేవాళ్లు. అలాంటి కాలంలో కంప్యూటర్ చేత తెలుగులో పాడించాలనుకోవడానికి ఎంత పొగరుండాలో ఆలోచించండి. నాకు నిండుగా ఉండేది. తెనాలి నుంచి రోజూ పాసింజరులో బాపట్ల వెళ్లి చదువుకునేవాణ్ణి, అది ఆఖరి సంవత్సరం, ప్రాజెక్టు ఏంటని సార్ అడిగారు. మిగతా వాళ్లంతా లైబ్రరీ పుస్తకాల లెక్కలూ, హాజరు పట్టీలూ అన్నారు. నేను లేచి "పాడే కంప్యూటరండి" అన్నాను. సార్ కళ్లజోడు తీసి నన్ను కాసేపు చూసి, మళ్లీ పెట్టుకున్నారు.

నా ఎత్తు ఏంటంటే, ఒక మనిషి ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా పాడాలి. క, కా, కి, కీ... అన్ని గుణింతాలూ, మూడు శ్రుతుల్లో, వణుకు లేకుండా, గీత గీసినట్టు. ఆ ముక్కలన్నీ నాన్న అప్పు చేసి కొనిచ్చిన పాత కంప్యూటర్‌లో దాచుకుంటే, మనం ఏ పాట రాసిస్తే దానికి కావలసిన ముక్కలు ఏరుకుని అతికించి అదే పాడుద్ది. రికార్డింగులో ఇంకే శబ్దమూ ఉండకూడదు. మంచి గొంతు ఒకటి కావాలి, అంతే. అది మా ఇంట్లోనే ఉంది.

మా నాన్న పరుపులు కుట్టేవాడు. మా అక్క వసారాలో కూర్చుని దిండ్ల గలీబులు కుడుతూ పాడేది. అది మామూలు గొంతు కాదండి బాబూ. అక్క పాడుతుంటే దూది ఏకే నాన్న చెయ్యి కూడా ఆగిపోయేది. కానీ బయటి మనిషి ఎవరన్నా మెట్టెక్కారో, పాట టక్కున ఆగిపోయేది, పోస్టుమాన్ వచ్చినా సరే. ఎనిమిదో తరగతిలో ఆగస్టు పదిహేనుకి స్కూల్లో స్టేజీ ఎక్కించారు. అక్క నోరు తెరిచింది, గొంతు రాలేదు. ఒక నిమిషం అలాగే నిలబడింది. పిల్లలంతా నవ్వారు. (నవ్విన వాళ్లలో ఐదో తరగతి 'బి' సెక్షన్లో నేనూ ఉన్నాను, ఈ సంగతి అక్కకి ఇప్పటికీ చెప్పలేదు.) ఆ రోజు నుంచి ఇంట్లో వాళ్లకి తప్ప ఇంకెవరికీ ఆ గొంతు వినిపించలేదు.

అందుకే అక్కకి ఇలా చెప్పాను: "నువ్వెవరి ముందూ నిలబడక్కర్లేదే. అక్షరాలు నాకియ్యి, పాట నేను పాడిస్తా. నీ గొంతు అందరూ వింటారు, నిన్ను మాత్రం ఎవరూ చూడరు." అక్క సూది గలీబుకి గుచ్చి నా వైపు తిరిగింది. "నిజంగా వింటారంటావా?" అంది. ఆ అడగడంలో ఎంత ఆశ ఉందో నాకు అప్పుడు తట్టలేదు. నా దృష్టంతా మార్కుల మీదే ఉంది.

మొదలుపెట్టాక తెలిసింది, తెనాలిలో నిశ్శబ్దమనేది ఎక్కడా దొరకదని. అక్క "కా" అనగానే రేపల్లె బండి కూత పెట్టేది. "కీ" అంటే ఎదురింటి కుక్కరు. ఫ్యాను ఆపితే పక్కింటి ఫ్యాను. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు మాత్రం వీధంతా చీమ చిటుక్కుమన్నా వినపడేంత ప్రశాంతంగా ఉండేది, కానీ అప్పుడు కంప్యూటర్ కూడా ఉండేది కాదు. అమ్మ పాపం నా కోసం గుమ్మంలో కాపలా కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరికీ "మాట్లాడకండమ్మా, లోపల రికార్డింగు" అని చెప్పేది. ఆ చెప్పడం నా మైకులో అక్షరం పొల్లు పోకుండా పడేది.

అప్పుడు నా కళ్లు మధ్యగదిలో ఉన్న పరుపుల మీద పడ్డాయి. కొల్లూరు నుంచి ఒక అరటితోటల ఆసామి కూతురి పెళ్లికని ఎనిమిది పరుపులు చెప్పాడు. బూరుగు దూది, దిట్టంగా కూరినవి. వాటిని చుట్టూ నిలబెట్టి, పైన ఒకటి కప్పి, లోపల స్టూలు వేసి, చేతికి మైకు, కంప్యూటర్ పాడేది వినపడేలా చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు ఇచ్చి అక్కని కూర్చోబెట్టాను. వైర్లు మాత్రమే బయటికి. ఆహా, ఏం నిశ్శబ్దమండీ! రైలు కూత కూడా లోపలికి రాలేకపోయింది. నాన్న చూసి తిట్టలేదు, ఒక్క మాటే అన్నాడు: "ఒరేయ్ ఇంజినీరూ, పెళ్లి పరుపు మీద ఒక్క చెమట మరక కనపడిందంటే, నిన్ను లోపల పెట్టి కుట్టేస్తా."

ఎండలు ముదిరిన రోజులు. అక్క పది నిమిషాలు పాడి, తల నిండా దూదితో బయటికొచ్చి, మజ్జిగ తాగి మళ్లీ లోపలికి వెళ్లేది. "ఇదేం పాటరా, ఒక్కో అక్షరం పట్టుకుని ఇట్లా సాగదీయడం? దీంట్లో ప్రాణమేది?" అనేది. "ప్రాణం కంప్యూటర్ పోస్తుందిలే" అనేవాణ్ణి. (ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి.) ఏ అక్షరమూ అక్కకి తిన్నగా నిలబడేది కాదు, చివర చిన్న ఒంపు వచ్చేసేది. "ఒంపు వద్దే, తీసెయ్" అని పదేపదే పాడించి, పది రోజుల్లో అన్నీ గీతల్లా చేయించాను.

ముక్కలన్నీ అయ్యాయి. పరీక్షించడానికి మా నానమ్మ పాట ఎక్కించాను. ఆవిడ బతికున్న రోజుల్లో పరుపులు కుడుతూ తనే కట్టుకున్న జోలపాట అది, అక్కకి ప్రాణం. "దూది మబ్బు దించానే చిట్టీ, దిండు కింద దాచానే" అని మొదలవుతుంది. ఇంకా కొన్ని అక్షరాలు బాగా రాలేదని అక్కని మళ్లీ లోపల కూర్చోబెట్టిన మధ్యాహ్నమే, చెప్పిన రోజు కంటే ముందుగా, కొల్లూరు ఆసామీ, ఆయన భార్యా ట్రాక్టరేసుకుని దిగారు. నాన్న కంగారుగా వాళ్లని లోపలికి తీసుకొచ్చి, సరుకు చూపిద్దామని ముందున్న పరుపు ఇటు లాగాడు.

"అమ్మో! లోపల మనిషి!" అందావిడ.

"మా అమ్మాయేనండి," అన్నాడు నాన్న, ఆ పరుపు మళ్లీ మూసేస్తూ. మా అక్కకి కావలసింది కూడా అదే. "మావాడు కంప్యూటర్ చేత పాడిస్తున్నాడండి. దానికోసం."

"కంప్యూటర్ పాడుద్దా సాయిబు గారూ?" అన్నాడు ఆసామి.

"పాడకేమండి! ఒరేయ్, వినిపించు."

వినిపించాను. ఏం చెప్పమంటారు? ఒక్కో అక్షరం దగ్గరా గుంతలో పడి లేచినట్టు, "దూ... ది... మ... బ్... బు..." అంటూ వెళ్లింది. "చిట్టీ" దగ్గర ఎవరో పీక నొక్కినట్టు ఆగిపోయింది. ఆసామి మర్యాదస్తుడు. "బానే ఉందండి, కాస్త జలుబు చేసినట్టుంది" అన్నాడు. ఆవిడ మాత్రం "పాపం, ఎవరి గొంతోగానీ" అంది. నేను చెమటలు తుడుచుకుంటూ "ఉండండి, వేగం మార్చాలండి" అని మార్చాను. ఇంకా ఘోరంగా వచ్చింది.

పరుపుల్లోంచి అరుపు వినపడింది. "ఆపరా! చిట్టీ దగ్గర అట్లా తెంచుతారా ఎవరన్నా? నానమ్మ పాటరా అది!" పరుపు పక్కకి తోసుకుని, జుట్టు నిండా దూదితో, చెవులకి ఆ పెద్ద హెడ్‌ఫోన్లతో అక్క బయటికొచ్చింది. నా వైపే చూస్తోంది, ఇంకెవర్నీ చూడటం లేదు. "ఇట్లా" అని ఆ ముక్క పాడి చూపించింది. తర్వాతి ముక్క కూడా నేను చెడగొట్టాను కదా, అదీ పాడింది. అట్లా ఒక్కో తప్పూ దిద్దుకుంటూ పాటంతా పాడేసింది. నేను పది రోజులు కూర్చుని తీసేయించిన ఒంపులన్నీ అందులో ఉన్నాయి. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

పాట అయ్యాక అక్క తలెత్తి చూస్తే నాన్నా, వాళ్లిద్దరూ నిలబడి ఉన్నారు. ఒక్క పరుగున వంటింట్లోకి పోయింది. ఆసామి భార్య కళ్లు తుడుచుకుని, "సాయిబు గారూ, మీ అమ్మాయిని పెళ్లికి తీసుకురండి. మా పిల్లని సాగనంపేటప్పుడు ఈ పాట ఒక్కటి చాలు" అంది.  కాసేపటికి వంటింట్లోంచి సన్నగా, "తమ్ముడొస్తే వస్తా" అని వినపడింది.

ప్రాజెక్టు సంగతంటారా, బాపట్లలో పరీక్ష చెయ్యడానికి వచ్చిన పెద్దాయన మొత్తం విని "ఇది ఏ భాష బాబూ?" అని అడిగారు. పాసయ్యాను, ఏదో దయతలచి.

కొల్లూరు పెళ్లిలో అక్క చేతికి మైకిచ్చారు. పందిరి నిండా జనం. అక్క నోరు తెరిచింది, గొంతు రాలేదు. మళ్లీ ఆ స్కూలు స్టేజీ మీదున్న మొహమే.  అక్క జనంలో నన్ను వెతికి పట్టుకుని, మైకు పక్కకి పెట్టి, "ఒరేయ్, నువ్వొకసారి తప్పుగా పాడు. నాకు కోపం రావాలి" అంది. ఇంకేం చేస్తాను? లేచి నిలబడి నా కంప్యూటర్ లాగే "దూ... ది... మ... బ్... బు..." అని ఎత్తుకున్నాను. పందిరంతా ఒకటే నవ్వు, పెళ్లికూతురు కూడా. ఈసారి వాళ్లు నవ్వింది నన్ను చూసి. అక్క నుదురు చిట్లించి "ఛీ, ఆపు" అని పాట అందుకుంది. ఆ నవ్వులన్నీ ఎప్పుడు ఆగాయో కూడా తెలీలేదు.

ఆ తర్వాత చేబ్రోలు నుంచి అడవులదీవి దాకా ఎన్ని పెళ్లిళ్లలో పాడిందో లెక్కలేదు. ఇప్పుడు భయమూ లేదు, నా అవసరమూ లేదు. అయినా పోయిన నెల రేపల్లెలో ఒక పెళ్లిలో మైకు అందుకోగానే అలవాటుగా నా వైపు చూసింది. నాకా బట్టతల, కళ్లజోడు, పక్కన నవ్వాపుకుంటున్న నా కొడుకు. అయినా లేచి గొంతు సవరించుకున్నాను. పాడే యంత్రాలు ఇప్పుడు లక్ష వచ్చాయిగానీ, మా అక్కకి కోపం తెప్పించేంత తప్పుగా పాడేది ఇప్పటికీ నేనొక్కణ్ణే.