లైవ్‌లో కరెంటు పోయింది

ఈ రోజు మధ్యాహ్నం ధర్మవరంలో స్నేహితుడు రామాంజి ఇంటికి వెళ్లాను. అతను మగ్గం నేస్తుంటే భార్య లక్ష్మీదేవి ఫోన్‌లో లైవ్ పెట్టి చీరలు చూపిస్తోంది. నేసిన చీరలు షావుకారుకు ఇవ్వకుండా తామే అమ్ముకోవాలని వారం నుంచి ప్రయత్నిస్తున్నారు. ఒక్క చీరా పోలేదు.

లైవ్‌లో ఒకావిడ, "మగ్గం కింద మోటారు పెట్టి చేనేత అంటున్నారు" అని రాసింది.

"మోటారు యాడుందక్కా? ఆయప్ప కాళ్లతోనే తొక్కుతాండాడు, చూడు" అంది లక్ష్మీదేవి. ఆవిడ నమ్మలేదు.

అంతలో కరెంటు పోయింది. లైటు ఆరిపోయింది, ఫ్యాను ఆగింది, మగ్గం మాత్రం ఆగలేదు. గుమ్మంలోంచి వచ్చే వెలుతురులో రామాంజి నేస్తూనే ఉన్నాడు. కాసేపటికి ఆవిడే, "ఆ ఎర్ర చీర నాకు పంపండి" అని రాసింది.

లైవ్ అయ్యాక లక్ష్మీదేవి మొగుడితో, "రేపట్నించి లైవ్ పెట్టినప్పుడల్లా మనమే మెయిన్ ఆపేద్దాం" అంది.

రామాంజి చెమట తుడుచుకుంటూ, "అట్లయితే నువ్వు కూర్చోని మగ్గం నెయ్యిమే, నేను ఫోను పట్టుకుంటా" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, ఆమె అన్నది తప్పని చెప్పలేకపోయాను. చేతిపనిని చేతిపనేనని నమ్మించడానికి కూడా ఇప్పుడు ఏదో ఒకటి చేసి చూపించాల్సి వస్తోంది. మీరైతే మెయిన్ ఆపేవారా?