సాంచెలోళ్లకు బాయెక్కడిది?

కరోనా పోయి బడులు మళ్లీ గాడిన పడ్డ ఏడాది అది. చొప్పదండికి కొంత దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి స్టేషన్‌లో నేను హెడ్ కానిస్టేబుల్‌ని. ఊరి హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లల్లో కొందరిని స్టూడెంట్ పోలీస్ క్యాడెట్లుగా తీసుకున్నారు. పోలీసు ఉద్యోగం ఎలా ఉంటుందో బడిలో ఉండగానే పిల్లలకు రుచి చూపించడం దాని ఉద్దేశం. వారానికోసారి పరేడ్, అప్పుడప్పుడు స్టేషన్‌కు వచ్చి మా పని చూడటం. ఆ పిల్లల బాధ్యత మా ఎస్సై సార్ నా నెత్తిన పెట్టారు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారన్నదే అందుకు నాకున్న అర్హత.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నాది బోథ్ వైపు. మా దిక్కున వ్యవసాయానికి పోతే "చేనుకు పోతున్న" అంటాం. పెళ్లయి, బదిలీ మీద కరీంనగర్ జిల్లాకు వచ్చిన కొత్తలో ఒకామె స్టేషన్‌కు వచ్చి, "మా ఆయన నాతోని కొట్లాడి బాయికాడికి పోయిండు" అంది. బావిలో దూకుతాడేమోనని నేను హడలిపోయి జీప్ తీయమని కేక పెట్టాను. తీరా చూస్తే ఆయన పొలంలో నిమ్మళంగా మందు చల్లుకుంటున్నాడు. ఇక్కడ బాయికాడికి పోవడమంటే పొలానికి పోవడమే, ఎందుకంటే పొలం ఉన్నచోట బాయి ఉంటుంది. చాలా రోజుల దాకా స్టేషన్లో ఎవరు భోజనానికి లేచినా "మేడమ్, బాయికాడికి పోయొస్త, జీప్ పంపకుండ్రి" అని నన్ను ఆటపట్టించేవారు. ఆ తర్వాత ఆ మాట వింటే నాకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

ఇక రజిత. పేర్లన్నీ మార్చి రాస్తున్నాను. తొమ్మిదో తరగతి, బక్కపలచటి పిల్ల. వాళ్ల నాన్న రాజేశం సాంచెల మీద పనిచేస్తాడు. మరమగ్గాలను ఇక్కడ సాంచెలంటారు. "పోలీస్ ఠాణా మెట్లెక్కిన పిల్లను రేపు ఊరు ఏమంటదో" అని ఆయన ముందు ఒప్పుకోలేదు. డ్రిల్ మాస్టారు రెండుసార్లు ఇంటికి పోయి బతిమాలితే ఒప్పుకున్నాడు. పిల్లకు మాత్రం ఎస్సై కావాలని ఒకటే పట్టు. ప్రశ్నలడగడంలో ఊపిరి తీసుకోదు. లాకప్ తలుపు లోపలికెందుకు తెరుచుకోదు, సైరన్ ఎప్పుడు వేయాలి, దొంగకు అన్నం ఎవరు పెడతారు? "నువ్వు పోలీస్ గావు, వకీల్ అయితవ్ బిడ్డా" అని సార్ నవ్వేవారు.

పత్తి ఏరే రోజుల్లో ఒక ఉదయం రజితను రిసెప్షన్‌లో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. వచ్చినవాళ్ల గోడు మొదట వినే బల్ల అది. అప్పుడు శీను అనే అతను వచ్చాడు. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"మేడమ్, మా ఇంటామె కవిత పొద్దుగాల పోయింది, ఇంక రాలే. ఫోను ఇంట్లనే ఉన్నది."

"ఎటు పోతున్నదో చెప్పలేదా?"

"చిన్న బిడ్డతోని చెప్పిందట. బాయికాడికి పోతున్న, నానమ్మ తాన ఉండు అని."

నాకు కొంచెం నవ్వు కూడా వచ్చింది. "బాయికాడికి పోతే పొద్దుగూకెవరకు వస్తదయ్యా. పత్తి ఏరే రోజులాయె. ఫికర్ చేయకు" అన్నాను. మనిషి కనబడకపోతే మేం కట్టే కేసు మ్యాన్ మిస్సింగ్. పోయింది ఆడమనిషైనా మా నోట దాని పేరు అదే. పొలానికి పోయిన మనిషి మీద ఆ కేసెందుకని నా ఉద్దేశం.

శీను వెనక్కి తిరిగాడు. అప్పుడు రజిత అడిగింది.

"కాకా, మీరు మా గల్లీ వెనుక సాంచెల కార్ఖానల చేస్తరు గదా? సాంచెలోళ్లకు బాయెక్కడిది?"

నేను లేచి నిలబడ్డాను. శీను అక్కడే గోడకానుకుని కూలబడ్డాడు. గుంట భూమి లేని మనిషి అతను. ఆమె నిజంగా బావికే పోయిందేమోనన్న అనుమానం అతనికి ముందే ఉంది. పైకి చెప్పలేక, మేమే కనిపెడతామని వచ్చి నిలబడ్డాడు.

"పొద్దుగాల నోరు జారిన మేడమ్" అని ఏడ్చాడు. "సాంచెలు బందున్నయి, పరేషాన్ల ఉన్న. నువ్వుండి ఏం ఫాయిదా అన్న. గంతే అన్న."

పిల్లను స్టేషన్లోనే ఉంచి మేం బయల్దేరాం. ఊరి చివర ఒక పాత మోటబాయి ఉంది. దాని గట్టు మీద ఆడవాళ్ల చెప్పుల జత కనబడింది. శీను వాటిని చూసి "మా ఆమెవే" అన్నాడు. ఇంకేం చెప్పను? తాళ్లు, కొక్కేలు తెప్పించాం. ఈతగాడు దిగాడు. సగం ఊరు అక్కడే ఉంది. నా జీవితంలో అంత గట్టిగా దేవుడికి దండం పెట్టుకున్నది తక్కువ. ఆ నీళ్లలోకి చూస్తూ నేను అన్న "ఫికర్ చేయకు" మాటే పదే పదే వినబడింది నాకు.

ఈతగాడు మూడోసారి మునిగినప్పుడు గుంపు వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

"ఏమైందక్కా? ఎవలు పడ్డరు?"

తిరిగి చూస్తే కవిత. ఉత్త కాళ్లతో, ఒడి నిండా పత్తితో నిలబడి ఉంది. పక్క చేనులో పత్తి ఏరుతుండగా ఇంత గోల విని చూడటానికి వచ్చిందట. ఊరంతా నవ్వింది. శీను మాత్రం ఆమె చేయి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, టోపీ సర్దుకుంటున్నట్టు నటిస్తూ.

కథ అక్కడితో సుఖాంతమైందనుకున్నాను. ఊరు ఊరుకుంటుందా? సాయంత్రానికల్లా చాయ్ హోటళ్లలో ఇదే ముచ్చట. "రాజేశం బిడ్డ బతికున్నదాన్ని బాయిల ఏసింది" అని ఒకడంటే, "పోలీసైతే ఊరందరినీ ఏస్తది" అని ఇంకొకడు. రాజేశం ముందునుంచీ భయపడింది ఇదే. మర్నాడు రజిత వచ్చి క్యాడెట్ టోపీ నా బల్ల మీద పెట్టింది.

"బాపు వద్దన్నడు మేడమ్. నాక్కూడ వద్దు. నేను తప్పు చెప్పిన, అందరినీ ఉరికిచ్చిన. నాకు పోలీస్ పని రాదు."

"నువ్వు అడిగింది తప్పు కాదు రజితా" అన్నాను. ఆమెకు అది ఓదార్పు మాటగానే వినబడింది. పిల్ల వెళ్లిపోయాక టోపీని తీసి బీరువాలో పెట్టాను. బాధగా ఉంది. ఒక్క మంచి ప్రశ్న అడిగినందుకు పిల్లకు దక్కింది ఇదా అనిపించింది.

కొద్ది రోజులకు కవిత ఒక్కతే స్టేషన్‌కు వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా గురించి అడిగిన పిల్ల ఏది మేడమ్?"

జరిగింది చెప్పాను. ఆమె మెల్లగా అంది.

"ఆ పిల్ల తప్పు చెప్పలే. నేను ఆ బాయికే పోయిన. చెప్పులిడిచి గట్టు మీద కూసున్న. పక్క చేన్లకెల్లి ఒకామె, 'ఓ చెల్లే, ఒక్కదానివి ఏం చేస్తున్నవ్, రా, నాలుగు సాళ్లు ఏరిపో' అని పిలిచింది. ఎందుకో లేచి పోయిన. చెప్పులు కూడ మరిచిన. అటెన్క బాయి చుట్టు గంతమందిని, ఏడ్సుకుంట మా ఆయనను చూసిన. నేను లేకుంటె ఎవలకేం అనుకున్న మేడమ్. గంతమంది ఎతుకుతున్నరు."

ఆమెను పట్టుకుని కూర్చోబెట్టాను. మళ్లీ అలాంటి ఆలోచన వస్తే ముందు నా దగ్గరికి రమ్మని ఒట్టు వేయించుకున్నాను, జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యులతో మాట్లాడించే ఏర్పాటు చేశాను, శీనును పిలిచి చెప్పాల్సింది గట్టిగానే చెప్పాను. రజిత సంగతి మాత్రం నా చేతిలో లేదు. కవిత చెప్పిన గుట్టు నేను బయటపెట్టకూడదు.

"మీరు చెప్పకుండ్రి. నేనే చెప్త" అంది ఆమె.

ఇద్దరం రాజేశం ఇంటికి పోయాం. ఆయన గుమ్మంలో కూర్చుని చిక్కుపడ్డ నూలు విడదీస్తున్నాడు. కవిత ఆయన ముందు నిలబడి నాతో చెప్పినదంతా మళ్లీ చెప్పింది.

"అన్నా, నన్ను చూసి ఊరు నవ్వనీ. నీ బిడ్డను చూసి నవ్వితే నేను తట్టుకోలేను. ఆ దినం నా గురించి సక్కగ ఆలోచించింది ఆ పిల్లొక్కతే."

రాజేశం చేతిలో నూలు పక్కన పెట్టాడు. లోపల తలుపు చాటున రజిత వింటున్న సంగతి మా ముగ్గురికీ తెలుసు. ఆయన నా వైపు చూశాడు.

"మేడమ్, మా పిల్ల టోపీ మీ తాననే ఉన్నదా?"

నవ్విన నాపచేనే పండుతుందంటారు. రజిత ఇప్పుడు ఇంటర్. పొద్దున్నే గ్రౌండ్‌లో పరుగెత్తుతుంది, గేటు దగ్గర రాజేశం సైకిల్ పట్టుకుని నిలబడతాడు. నేను మాత్రం ఎవరు "బాయికాడికి పోయిన్రు" అన్నా "ఏ బాయి?" అని అడగందే ముందుకు పోను. ఒక ఊరి మాట ఊళ్లో అందరి నోటా ఒకేలా ఉంటుంది కానీ, అందరికీ ఒకే అర్థం కాదని నాకు నేర్పిన కేసు అది.

మొన్న రజిత కలిసినప్పుడు అడిగింది. "మేడమ్, పోలీసైనంక నా అనుమానం నిజంగనే తప్పయితే? మళ్లా అందరం ఖాళీ బాయి ఎతుకుడేనా?"

"ఎతుకుడే బిడ్డా" అన్నాను. "ఎతికిన ప్రతి బాయి ఖాళీగనే ఉండాలె అని మొక్కుకో."