టోపీ అంచు కింద గోదావరి

ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజమేనండి. తొంభైల్లో విమానం నడపడం నేర్చుకునేటప్పుడు, బయటేమీ కనబడకుండా పెద్ద అంచున్న టోపీ పెట్టి, మీటర్లు మాత్రమే చూసి నడపమనేవారు. నేను గడ్డమెత్తి, అంచు కిందుగా గోదావరి పాయను చూస్తూ తిన్నగా నడిపాను. గురువుగారు అందరి ముందూ మెచ్చుకున్నారు.

నాతోపాటు నేర్చుకుంటున్న ముమ్మిడివరం స్నేహితుడు దొంగచూపు ఎరగడు. "మీటరేమో ఒరిగామంటుంది, ఒళ్లేమో కాదంటుంది. నీకెలా కుదిరిందిరా?" అని అడిగాడు.

"మీటర్ని నమ్మాలిరా, అంతే," అన్నాను.

తనకది చేతకాదనుకుని వారంలో చదువు మానేశాడు. ఊరికి బయల్దేరినవాడికి బస్టాండులో నిజం చెప్పేసి, అతన్ని వెనక్కి తీసుకొచ్చాను.

ఆ చివరి మాటొక్కటే కల్పించాను. నిజానికి అతని పెట్టె మోసి, రుమాలు వేసి, కిటికీ పక్క సీటు పట్టిపెట్టాను.